ఇంగ్లిష్ అంతగా రాని అమ్మని పెద్ద మ్యూజికల్‌కి తీసుకెళ్తే ఆనందిస్తుందా?

ప్రశ్న:

అమ్మనీ, మా తొమ్మిదేళ్ళ పాపనీ తీసుకుని మొదటిసారి పెద్ద స్టేజ్ మ్యూజికల్‌కి (పాటలతో కథ నడిచే నాటకానికి) వెళ్దామనుకుంటున్నాను. ‘ద లయన్ కింగ్’, ‘ద ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా’, ‘లే మిజరాబ్ల్’, ఈ మూడింట్లో ఏదో ఒకటి. అమ్మకి సంగీతమంటే ప్రాణం, కానీ ఇంగ్లిష్ నిదానంగా మాట్లాడితేనే అర్థమవుతుంది, పాటలో వస్తే అసలు పట్టుకోలేదు. అంత డబ్బు పెట్టి తీసుకెళ్ళాక అర్థం కాక నాకోసం ఓపిగ్గా కూర్చుంటుందేమోనని బెంగగా ఉంది. పాటలు ముందే వినిపించాలా, అక్కడే కొత్తగా వింటే బాగుంటుందా? సీట్లు ఎక్కడ తీసుకోవాలి? చూసినవాళ్ళు చెప్పండి.

జవాబు 1:

మీరు చెప్పినదాన్ని బట్టి ‘లయన్ కింగ్’కే వెళ్ళండి, రెండో ఆలోచన వద్దు. ఆ షో మొదలయ్యేదే దక్షిణాఫ్రికాలో మాట్లాడే జులూ భాషలో. రఫీకి అనే పాత్ర ఎలుగెత్తి పాడే ఆ మొదటి పిలుపు హాల్లో ఉన్నవాళ్ళలో ఎంతమందికి మాటగా అర్థమవుతుంది చెప్పండి? అయినా ఒళ్ళు జలదరిస్తుంది, చాలామందికి కళ్ళమ్మట నీళ్ళొస్తాయి. ఆ క్షణంలో మీ అమ్మగారూ, పక్కన కూర్చున్న ఇంగ్లిష్‌వాళ్ళూ ఒకటే. పైగా జంతువుల వేషాలు వేసినవాళ్ళ ముఖాలు దాచరు. జిరాఫీగా నడిచే మనిషి చేతులకీ కాళ్ళకీ పొడవాటి కర్రలు కట్టుకుని నడుస్తుంటే మనిషీ కనిపిస్తాడు, జిరాఫీ కనిపిస్తుంది, కాసేపటికి మన కన్నే మనిషిని వదిలేసి జంతువుని చూడడం మొదలుపెడుతుంది. ఇదంతా దర్శకురాలు జూలీ టేమర్ ఆలోచన, మ్యూజికల్ దర్శకత్వానికి టోనీ అవార్డు (అమెరికా నాటకరంగంలో పెద్ద పురస్కారం) అందుకున్న మొదటి మహిళ ఆవిడే (1998లో).

ఒక్క సంగతి, మొదటి పాటలో కొన్ని జంతువులు ప్రేక్షకుల మధ్య దారుల్లోంచే స్టేజీ మీదికి వెళ్తాయి. అందుకని కింది అంతస్తులో నడవ పక్క సీటు దొరికితే పాపని అక్కడ కూర్చోబెట్టండి. పై అంతస్తులో కూర్చుంటే ఇది సరిగ్గా కనబడదు.

జవాబు 2:

పైన చెప్పినవాళ్ళతో ఒప్పుకుంటాను గానీ ‘ఫాంటమ్’ని అంత తేలిగ్గా తీసేయకండి. కథ నాలుగు ముక్కల్లో చెప్పేయొచ్చు: ఆపెరా థియేటర్ కింద దాక్కుని బతికే ముసుగు మనిషి, అతని దగ్గర పాట నేర్చుకున్న అమ్మాయి, ఆమెని ప్రేమించిన చిన్ననాటి స్నేహితుడు. సంగీతం తెలిసినావిడకి ఆ అమ్మాయి గొంతు ఎక్కడిదాకా వెళ్తుందో చూస్తేనే చాలు. పైన వేలాడే పెద్ద దీపాల గుత్తి, షాండ్లియర్ కూడా చూడదగ్గ విషయమే, కాబట్టి కింది అంతస్తులో మరీ వెనక, పై బాల్కనీ నెత్తి మీదికి వచ్చే వరసలు వద్దు, అక్కణ్ణుంచి పైభాగం తెగిపోతుంది.

‘లే మిజరాబ్ల్’ మాత్రం ఈసారికి ఆపండి. నాకు ప్రాణమైన షో అది, అయినా చెప్తున్నాను. దాదాపు మూడు గంటలు, మామూలు సంభాషణ లేనట్టే, కథంతా పాటల్లోనే నడుస్తుంది. 1815లో మొదలై 1832 తిరుగుబాటు దాకా వెళ్తుంది, మధ్యలో పాత్రలకి వయసు పెరుగుతుంది, ఒకే మనిషి వేరే పేరుతో వస్తాడు. మాట అందకపోతే ఎవరు ఎవరో తెలియక అలిసిపోతారు.

జవాబు 3:

పాటలు ముందే వినిపించాలా అన్నదానికి నా అభిప్రాయం: కథ మొత్తం తెలుగులో చెప్పండి, పాటలు మాత్రం రెండో మూడో వినిపించండి, అన్నీ వద్దు. ‘సర్‌ప్రైజ్ పోతుంది’ అంటారు కొందరు, నేనది ఒప్పుకోను. పద్యనాటకానికి వెళ్ళినవాళ్ళకి కృష్ణుడు రాయబారానికి వెళ్ళి ఏమవుతుందో తెలియకనా? తెలిసే వెళ్తారు, ఈ నటుడు ఆ పద్యం ఎలా ఎత్తుకుంటాడో, రాగం ఎంతసేపు నిలబెడతాడో వినడానికి వెళ్తారు. మ్యూజికల్‌నీ అలాగే చూడమనండి. కథ ముందే చెబితే మాట కోసం వెతుక్కునే కష్టం పోయి కళ్ళూ చెవులూ ఖాళీ అవుతాయి. ‘వన్స్ మోర్’లు మాత్రం ఇక్కడ ఉండవు, పాట అయ్యాక గట్టిగా చప్పట్లు కొట్టొచ్చు, కలిసి పాడకూడదు.

ఇంకో మాట. కాస్త ముందుగా వెళ్ళి, వీలైతే స్టేజీ ముందున్న ఆర్కెస్ట్రా గుంట దాకా తీసుకెళ్ళి చూపించండి. వాద్యాలు శ్రుతి చేసుకుంటుంటారు. ఇదంతా రికార్డింగ్ కాదు, ఆ పూట మనకోసం వాయిస్తున్నారని తెలిస్తే సంగీతం ప్రాణమైనావిడకి అదే పెద్ద కానుక. ఆలస్యంగా వెళ్తే చాలా చోట్ల మధ్యలో వీలు దొరికేదాకా లోపలికి వదలరు. ‘లయన్ కింగ్’కి మొదటి పాట పోయిందంటే సగం పోయినట్టే.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ థాంక్స్, ‘లయన్ కింగ్’కే ఫిక్స్ అయ్యాం. ఒక సందేహం. ముఖ్య పాత్రల్లో అసలు నటులు కాకుండా ఆ రోజు వేరేవాళ్ళు రావచ్చని చదివాను, టెన్షన్ పడాలా?

జవాబు 2 ఇచ్చినవారు:

అస్సలు వద్దు. ‘ఫాంటమ్’ న్యూయార్క్‌లో పెద్ద థియేటర్లుండే బ్రాడ్‌వేలో 1988 నుంచి 2023 దాకా 13,981 సార్లు ఆడింది, అన్ని ప్రదర్శనలు ఒక్కరి గొంతు మోయగలదా? వారానికి ఎనిమిది షోలు పాడితే ఎవరి గొంతైనా ఏదో ఒకరోజు విశ్రాంతి అడుగుతుంది. ఆ రోజు కోసమే అండర్‌స్టడీలు పాత్ర మొత్తం నేర్చుకుని ఉంటారు. వాళ్ళు కాక స్వింగ్‌లని ఉంటారు, బృందంలో చాలామంది స్థానాలు ఒక్కరే గుర్తుపెట్టుకుంటారు, ఎవరు రాలేకపోతే ఆ చోట నిలబడి అదే డాన్స్ వేస్తారు. నా దృష్టిలో థియేటర్లో అందరికన్నా కష్టమైన పని వాళ్ళదే. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన అవకాశం వచ్చిన రోజు అండర్‌స్టడీ ఎలా పాడతారో వినాలి, ప్రాణం పెట్టేస్తారు. ఆ రోజు పేరు మారిందని బోర్డు మీద కనిపిస్తే అమ్మగారికి కూడా చెప్పండి, చివర్లో ఆ మనిషి వంగి నమస్కరించినప్పుడు ఇంకాస్త గట్టిగా చప్పట్లు కొట్టొచ్చు.