‘డార్క్ వాటర్’ ముగింపు: తల్లి త్యాగమా, బిడ్డను వదిలేయడమా?

ఉద్దానం కొబ్బరితోట
హిదెయో నకాతా 2002లో తీసిన జపాను చిత్రం ‘డార్క్ వాటర్’ చూశాను. విడాకుల గొడవలో ఉన్న యోషిమి, కూతురు ఇకుకో తనకే దక్కాలని పోరాడుతూ, పైకప్పు నుంచి నీరు కారే పాత అపార్టుమెంటులో దిగుతుంది. మేడమీది నీళ్ల ట్యాంకులో పడి చనిపోయిన మిత్సుకో అనే పిల్ల అక్కడ అమ్మ కోసం దెయ్యమై తిరుగుతూ ఉంటుంది. చివరికి యోషిమి ఆ దెయ్యానికే తల్లినని ఒప్పుకుని, ఏడుస్తున్న కన్నకూతురిని లిఫ్టు బయట వదిలి వెళ్లిపోతుంది. అందరూ దీన్ని త్యాగమని పొగుడుతున్నారు. చిన్నతనంలో బడి దగ్గర తల్లి కోసం ఎదురుచూసి కుమిలిన మనిషి, అదే ఎదురుచూపును తన కూతురికి ఆస్తిలా రాసిచ్చిందని నేనంటాను.

నాగావళి గట్టు
మీ మాట అన్యాయం. అప్పటికే ఆ దెయ్యం ఇకుకోను స్నానాల తొట్టిలో ముంచబోయింది. తల్లి ఒప్పుకోకపోతే పిల్ల బతికేదా? పైగా యోషిమి గతంలో మానసిక వైద్యం చేయించుకున్న సంగతిని భర్త తరఫువారు ఆమెకు వ్యతిరేకంగా వాడుకుంటారు. నా కేసులో కూడా, నిద్రపట్టక వాడిన మాత్రల చీటీని అవతలి వకీలు పైకెత్తి చూపించి, ఈవిడ పిల్లవాడిని ఎలా పెంచుతుందని అడిగాడు. అయిదేళ్లలోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలని మన 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం అంటుంది గాని, మావాడికి అప్పటికే అయిదు దాటాయి. జపానులోనైతే విడాకుల తరువాత బిడ్డపై హక్కు తల్లిదండ్రుల్లో ఒక్కరికే ఉండేది. దాన్ని ఇద్దరూ పంచుకునే వీలు కల్పిస్తూ చట్టం మార్చింది 2024లోనే.

బొబ్బిలి వీణ
ట్యాంకు మూత తెరిచి వదిలేసిన వాళ్ల మాట ఎవరూ ఎత్తరేం? పైనుంచి నీరు కారుతోందని ఆమె మొత్తుకున్నా భవనం చూసుకునే మనిషి పట్టించుకోడు. తప్పు అక్కడ మొదలైంది.

ఉద్దానం కొబ్బరితోట
మూత సంగతి తరువాత చూద్దాం మాస్టారూ. నాగావళి గారూ, మీ కేసు విని బాధపడ్డాను. అయితే మీరు సినిమాను తల్లి వైపు నుంచే చూస్తున్నారు. లిఫ్టు వెంట మెట్లెక్కి పరుగెత్తిన ఆ పిల్లకు, తలుపులు తెరుచుకోగానే మీదికి దూకింది మురికి నీళ్లు మాత్రమే.

నాగావళి గట్టు
బిడ్డను కని పెంచని మగవాళ్లకు ఇలాంటి తీర్పులు చెప్పడం తేలికే బాబూ.

ఉద్దానం కొబ్బరితోట
నేను మగవాడినని మీకెవరు చెప్పారు? ఇద్దరు పిల్లల తల్లిని. మందస దగ్గర మా అమ్మమ్మ ఇంట్లో పెరిగాను. అమ్మా నాన్నా చెన్నైలో బిల్డింగు పనులకు పోయేవారు. సంక్రాంతికి అమ్మ తెచ్చే గౌను ప్రతిసారీ పొట్టిగానే ఉండేది, ఎందుకంటే నా కొలత ఆమె మనసులో కిందటి సంక్రాంతి దగ్గరే ఆగిపోయేది. అమ్మమ్మ అంచు విప్పి, పాత లంగా గుడ్డ అతికి కుట్టేది. అవి వేసుకుని తిరిగిన దాన్ని నేను. నాకు త్యాగం గురించి చెప్పకండి.

పలాస జీడితోట
మా ఊళ్లోనూ సగం ఇళ్లలో పిల్లలు, ముసలివాళ్లే మిగిలారు.

నాగావళి గట్టు
తొందరపడి మాట అన్నాను, ఏమీ అనుకోకండి. కానీ మీ అమ్మగారు వెళ్లింది మీకు అన్నం పెట్టడానికే కదా? దాన్ని వదిలేయడం అంటే ఆవిడ మోసిన ఇటుకలన్నీ ఏమైపోవాలి?

ఉద్దానం కొబ్బరితోట
వెళ్లడం తప్పని నేను ఎన్నడూ అనలేదు. ఏడుస్తానని, నేను నిద్రలో ఉండగా తెల్లవారుజామున చెప్పకుండా వెళ్లిపోయేది. లేచేసరికి పక్క చల్లబడి ఉండేది. నేనేదో అల్లరి చేశానని, అందుకే పోయిందని అనుకునేదాన్ని. సినిమాలోనూ పదేళ్ల తరువాత కూతురికి కనబడిన యోషిమి, కలిసి ఉండలేనందుకు మన్నించమంటుంది గాని ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో చెప్పదు. అమ్మ తనను కాపాడుతూనే ఉందని ఇకుకో తనంతట తానే సర్దిచెప్పుకుంటుంది. తల్లిని అర్థం చేసుకునే బరువు కూడా పిల్ల నెత్తినే పెట్టారు. నా కోపం అది.

నాగావళి గట్టు
ఆదివారాలు మావాడు నా దగ్గరికి వస్తాడు. వాళ్ల నాన్న మీద ద్వేషం పెంచుకుంటాడని కోర్టు సంగతులేవీ వాడి చెవిన వేయలేదు. ‘నేను నీకు అక్కర్లేదా అమ్మా’ అని మొన్న అడిగితే, మాట తప్పించి జంతికలు పెట్టాను. మీరు రాసింది చదివాక, వాణ్ణి వద్దనుకోలేదని, నాతో ఉంచుకోవాలని ఎంతో ప్రయత్నించానని వాడికి చెప్పాలని నిశ్చయించుకున్నాను. అయినా యోషిమిని మాత్రం తప్పుపట్టలేను. పక్కన దెయ్యాన్ని పెట్టుకుని, తలుపులు మూసుకుంటున్న ఆ కాసేపట్లో కూతురికి ఏమని చెబుతుంది?

ఉద్దానం కొబ్బరితోట
ఆ కాసేపట్లో వద్దులెండి. పదేళ్ల తరువాత, కూతురు ఎదురుగా నిలబడినప్పుడైనా చెప్పవచ్చు కదా?