కన్నుకుట్టే యూనో: లలింగ్‌స్టన్ నేల మీది లాటిన్ పద్యానికి తెలుగు

సభ్యులకు నమస్కారం. ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, డారెంట్ నది లోయలో లలింగ్‌స్టన్ రోమన్ విల్లా ఉంది. క్రీ.శ. మొదటి శతాబ్ది చివర పొలాల నడుమ కట్టిన ఈ ఇల్లు, ఇంగ్లండులోనే ఉన్న ఫిష్‌బోర్న్ రోమన్ భవనం వంటి పెద్ద కట్టడాల ముందు చిన్నదే. అయినా నాలుగో శతాబ్ది నడిమికాలంలో ఆ ఇంటివారు భోజనశాల నేల మీద రంగురాళ్లతో ఒక బొమ్మ పరిపించి, దాని పైన రెండు పాదాల పద్యం కూడా కూర్పించారు. తెల్లని కోడె రూపంలో రోమన్ల దేవరాజు యూపిటర్, యూరోపా అనే రాకుమారిని వీపున ఎక్కించుకుని సముద్రం దాటుతుంటే, రెక్కల బాలుడొకడు వెనక నుంచి దాని తోక పట్టుకుని ఉంటాడు. పద్యం ఇది:

ఇన్విద సీ తౌరీ వీదిస్సెత్ యూనొ నతాతూస్
యూస్తియుస్ ఐయొలియాస్ ఈస్సెత్ అదూస్క్వె దొమోస్

దీనికి నేను చేసిన తెలుగు:

కన్నుకుట్టే యూనోకు ఆ కోడె ఈత కంటబడి ఉంటే
మరింత న్యాయంగా వెళ్లి ఉండేది ఐయొలుస్ ఇంటిదాకా

రోమన్ కవి వర్జిల్ రాసిన ‘ఈనీడు’ కావ్యం మొదటి సర్గ తెలియనివారికి ఈ పద్యం అందదు. అక్కడ యూపిటర్ భార్య యూనో, ట్రోయ్ నగరం వారి మీది పగతో గాలులకు రాజైన ఐయొలుస్ దగ్గరికి వెళ్లి, ఒక అప్సరసను ఇచ్చి పెళ్లి చేస్తానని ఆశపెట్టి, ట్రోయ్ వీరుడు ఏనియాస్ ఓడల మీదికి తుపాను రేపిస్తుంది. పద్యకర్త అనేదేమిటంటే, దారిన పోయే ఓడల మీదికి కాక, పరస్త్రీని ఎత్తుకుపోతున్న మొగుడి మీదికి తుపాను అడిగి ఉంటే ఆమె పక్షాన ఎక్కువ న్యాయం ఉండేదని. అందుకే ‘యూస్తియుస్’ అన్న తారతమ్య రూపం పద్యానికి ప్రాణం. దాన్ని ఉత్త ‘న్యాయంగా’ అని వదిలేస్తే, వర్జిల్ కథతో పోలిక పూర్తిగా జారిపోతుంది.

‘తౌరీ’కి ‘ఎద్దు’ అనడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే మన వాడుకలో ఎద్దు అరక కట్టేది, చాలావరకు విత్తుకొట్టినది. ‘కోడె’ అంటే పడుచువాడనే అర్థం కూడా ఉంది కనుక, ఈ సందర్భంలో అంతకన్నా తగిన మాట నాకు తోచలేదు.

ఒక సభ్యుని స్పందన: అయ్యా, మీ వివరణ బాగుంది గాని, కన్నుకుట్టడం అన్నది ఇతరుల కలిమిని చూసి కలిగేది కదా. యూనోది సవతిమత్సరం. ‘ఈర్ష్యాళువు’ అంటే సరిపోదా? పద్యానికి ఛందస్సు ఏమిటో కూడా దయచేసి చెప్పగలరు.

సమాధానం: అయ్యా, మీరు చెప్పిన భేదం సరైనదే. అయితే ‘ఇన్విద’ అన్న మాటలో ‘చూచు’ అనే ధాతువే ఉంది. చెడుచూపు చూచుట దాని మొదటి అర్థం. కవి అదే పాదంలో ‘వీదిస్సెత్’, అంటే ‘చూసి ఉంటే’, అన్న క్రియ వేశాడు. ఎప్పుడూ ఓర్వలేని చూపు చూసేది, చూడవలసినదాన్ని మాత్రం చూడలేదన్న చమత్కారం ఆ రెండు మాటల మధ్యే ఉంది. ‘కన్నుకుట్టు’, ‘కంటబడు’ అన్న మన పలుకుబళ్లు ఆ జతను నిలబెడతాయి. ‘ఈర్ష్యాళువు’లో కన్ను లేదు. పైగా ఆమెను ముందే సవతిమత్సరం గలదని అంటే, ‘చూసి ఉంటే’ అన్న షరతు బయటపెట్టవలసిన సంగతిని విశేషణమే చెప్పేసినట్టవుతుంది.

ఛందస్సు మన గణాలతోనే చెప్పవచ్చు. మొదటి పాదం భ, గగ, గగ, గగ, భ, గగ. రెండవది భ, భ, గ, విరామం, మళ్లీ భ, భ, గ. ‘ఐయొలియాస్’ దగ్గర మాట సరిగ్గా తెగుతుంది. ఆ విరామం యతిస్థానం వంటిదే గాని, అక్షరమైత్రి నియమం లేదు. ప్రాస కూడా లేదు. మొదటి పాదంలో వరుసగా వచ్చిన ఏడు గురువులు కోడె ఈతలా బరువుగా సాగుతాయని, రెండవ పాదంలోని భగణాలు యూనో పరుగును వినిపిస్తాయని నాకు అనిపిస్తుంది. గట్టిగా చదివి చూడండి.