అప్‌డేట్: స్టార్ హోటల్ డిన్నర్, చల్లారిన బిర్యానీ, సర్వీస్ ఛార్జి

హైదరాబాద్‌లో ఒక స్టార్ హోటల్లో నలుగురికి తలా 3,500 మెనూ, బిర్యానీ చల్లగా వచ్చింది, పైగా 10 శాతం సర్వీస్ ఛార్జి, ఆ ఛార్జి తీసేయమనొచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. హోటల్ వాళ్లు తీసేశారు.

మొదటి బిల్లు: 14,000 + సర్వీస్ ఛార్జి 1,400, మొత్తం 15,400 మీద 18 శాతం జీఎస్టీ 2,772. వెరసి 18,172. సర్వీస్ ఛార్జి మీద కూడా పన్ను పడుతుంది, చాలామంది గమనించనిది ఇదే. సవరించిన బిల్లు 16,520. తేడా 1,652.

మీరు చెప్పినట్టే కార్డు గీకకముందే అడగడం మంచిదైంది. డబ్బు కట్టేశాక అయితే రీఫండ్ కోసం తిరగాలి. సర్వీస్ ఛార్జిని బిల్లులో తప్పనిసరిగా వేయకూడదన్న 2022 జూలై 4 నాటి సీసీపీఏ (కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ) మార్గదర్శకాలను 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించిందని చెప్పగానే మేనేజర్ వాదించలేదు. హోటల్ వాళ్లు కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయాలి, బిల్లు ఫోటో దగ్గరుంచుకోవాలి. భోజనం మీద జీఎస్టీ మాత్రం తీసేయరు, అడిగి లాభం లేదు.

ఇక బిర్యానీ. పిండితో మూసిన బుల్లి హండీ చూడ్డానికి బాగుంటుంది గానీ, ఒక్కరికి సరిపడా అన్నం, రెండు ముక్కలు వేడిని ఎంతసేపు నిలుపుతాయి? దేగ్‌లో, అంటే పెద్ద వంటపాత్రలో, దమ్ చేసి, చిన్నవాటిలోకి మార్చి, మూత అతికించి మళ్లీ వేడిచేస్తే అంచుల్లో మెతుకులు ఎండుతాయి, నడుమ ముక్క చల్లగానే ఉంటుంది. మా పళ్లెంలో అచ్చం అదే. మొదటి ముద్దకే వెనక్కి పంపాల్సింది. సగం తిన్నాక అడిగితే కొత్తది ఇవ్వలేదు, డబుల్ కా మీఠా తెచ్చిపెట్టారు.