బొబ్బిలి పెంకుటింట్లో రాత్రిళ్లు గజ్జెల చప్పుడు, కారణం తెలియడం లేదు

మాది బొబ్బిలి దగ్గర పాత మండువా ఇల్లు. గూన పెంకులు, టేకు దూలాలు. చలి మొదలైనప్పటి నుంచి రాత్రి ఒకటిన్నర, మూడు మధ్య అటక మీద గజ్జెల చప్పుడు వినిపిస్తోంది. నాలుగైదు సార్లు ఘల్లుమంటుంది, ఆగుతుంది, మళ్లీ మొదలు. టార్చి వేసినా ఆగదు. వానాకాలంలో అసలు లేదు.

1757 జనవరి 24న బొబ్బిలి కోటలో ప్రాణాలు పోయిన ఆడవాళ్లే తిరుగుతున్నారని వీధిలో అంటున్నారు. ఆ తల్లుల్ని దెయ్యాలు చేయడం నాకు చాలా బాధగా ఉంది. అమ్మకైతే టెన్షన్‌తో నిద్ర లేదు, అద్దెకున్నవాళ్లు ఖాళీ చేస్తామంటున్నారు.

ఎలుకలేమోనని బోను పెట్టాను, ఏమీ పడలేదు. అటక నిండా ముగ్గుపిండి చల్లాను. తెల్లారి చూస్తే పిల్లిది గానీ మానుపిల్లిది గానీ ఒక్క అడుగు లేదు, పిండి చల్లింది చల్లినట్టే ఉంది. ఇత్తడి సామాన్లు కిందికి దించేశాను, ఉయ్యాల గొలుసులకు గుడ్డ చుట్టాను. అయినా అదే చప్పుడు. ఫోన్‌లో రికార్డు చేస్తే వీధి వైపు చూరు దగ్గర గట్టిగా, మధ్యలో సన్నగా వచ్చింది. చలికి కర్ర బిగిస్తే టక్కుమంటుంది, ఇది మాత్రం లోహం మోత.

పాత పెంకుటిళ్లు బాగుచేసేవాళ్లు, అలాంటి ఇళ్లలో ఉంటున్నవాళ్లు దయచేసి చెప్పండి: చలికాలం అర్ధరాత్రి చూరు దగ్గర ఇలా మోగేది ఏమై ఉంటుంది?