మందు మానేశాక కొత్త లైన్‌లోకి: గ్యాప్ ఎలా రాయాలి?

విజయవాడలో 2014 నుంచి 2022 దాకా మెడికల్ రెప్‌గా చేశాను. రాత్రి పార్టీలతో తాగుడు ముదిరి డీఅడిక్షన్ సెంటర్‌లో చేరాల్సి వచ్చింది. ఇప్పుడు తాగడం లేదు. మళ్లీ ఫీల్డ్‌లోకి వెళ్లను. టాలీ (అకౌంట్స్ సాఫ్ట్‌వేర్), జీఎస్టీ నేర్చుకుని బావగారి మెడికల్ ఏజెన్సీలో బిల్లింగ్, ఎక్స్‌పైరీ రిటర్న్స్ చూస్తున్నాను. అకౌంట్స్ ఉద్యోగానికి రెజ్యూమె రాస్తుంటే 2023 దగ్గర పెన్ను ఆగిపోతోంది. నిజం రాయాలా?

శ్రీను గారూ, హెచ్‌ఆర్‌లో ఉన్నాను. "ఆరోగ్య కారణాల వల్ల విరామం, ప్రస్తుతం పూర్తి ఫిట్" అని ఒక్క లైన్ చాలు. అది అబద్ధం కాదు. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్‌లో ఉంది. తేదీలు మాత్రం సాగదీయకండి. పీఎఫ్ ఉంటే యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) సర్వీస్ హిస్టరీలో చేరిన తేదీ, మానేసిన తేదీ కనిపిస్తాయి, వెరిఫికేషన్‌లో దొరికిపోతారు.

బ్రదర్, నాది గుంటూరులో హోల్‌సేల్ మందుల షాపు (తాగే మందు కాదులెండి!). బావగారి దగ్గర చేసే పనే పైన పెట్టండి. బ్యాచ్ నంబర్లు, క్రెడిట్ నోట్లు, జీఎస్టీఆర్-1 (అమ్మకాల జీఎస్టీ రిటర్న్) తెలిసి, పైగా డాక్టర్లతో మాట్లాడిన మనిషి మాకు అంత తేలిగ్గా దొరకడు. టార్గెట్లు, అవార్డుల చిట్టా తగ్గించండి, అకౌంట్స్ వాళ్లకు అవి అక్కర్లేదు.

థాంక్స్ అండీ. బావగారి దగ్గర జీతం చేతికే ఇస్తారు, పేస్లిప్ లేదు. లెటర్‌హెడ్ మీద అనుభవ పత్రం సరిపోతుందా?

సరిపోతుంది. జీఎస్టీ నంబరు, చేరిన నెల, చేసే పనులు అందులో ఉండేలా చూడండి. బ్యాంకు ద్వారా జీతం ఈ నెల నుంచే మొదలుపెట్టమనండి.