మోహన రాగంలో ధైవతం (ధ) 39వ మెట్టా, 40వ మెట్టా?

మల్కాజిగిరి కీబోర్డు: స్థాయిని (స నుంచి పై స దాకా) 12 కాకుండా 53 సమానమైన మెట్లుగా కోసి మోహన పెట్టాను. మెట్టుకు 22.64 సెంట్లు (స్థాయి మొత్తం 1200 సెంట్లు). స 0, రి 9, గ 17, ప 31, ధ 39. మామూలు కీబోర్డులో గాంధారం 400 సెంట్లు, అసలుది 386, ఇందులో 385. తంబూరా మీద హాయిగా కూర్చుంది. ఆడియో పెట్టాను, వినండి.

చిక్కడపల్లి వీణ: 39 తప్పు బాబూ. రి 9కి పంచమం దూరం 31 కలపండి, 40 వస్తుంది. మీ లెక్కన రి నుంచి ధకి 679 సెంట్లే. ఉండాల్సింది 702. ఏడుస్తుంది.

మల్కాజిగిరి కీబోర్డు: గ 17కి మధ్యమం దూరం 22 కలిపితే 39 సార్. మీ 40 పెడితే గ–ధ 521 సెంట్లు, 498 ఉండాల్సిన చోట. అది ఏడవదా?

సిటీబస్సు శ్రోత: మనవి స్థాయికి 22 శ్రుతులే (సన్నటి స్వర దూరాలు) కదా, 22గా కోస్తే పోలా?

మల్కాజిగిరి కీబోర్డు: పోదన్నా. పంచమం 709కి ఎక్కుతుంది. మన శ్రుతులు సమానం కావు, సుమారు 90, 70, 22 సెంట్లు. చిన్నది ప్రమాణ శ్రుతి, నిష్పత్తి 81/80. 39కీ 40కీ మధ్య తేడా ఇంచుమించు అంతే.

చిక్కడపల్లి వీణ: అంత తేడా ఉందని మీరే ఒప్పుకుని 39 అంటారేం? 40. ముందు పదేళ్లు గొంతుతో సాధన చేసి రండి.

మల్కాజిగిరి కీబోర్డు: వచ్చిందా ఆ మాట! ఒక సభలో పోటీకి వెళ్తే కీబోర్డు చూసి నా పేరే పిలవలేదు, గమకం (స్వరాన్ని ఊపడం) పలకదట. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని ఇలాగే గెంటేసింది. మీ వీణకు మాత్రం స్థాయికి ఎన్ని మెట్లు? 12. అదీ మైనంలో పాతినవి.

కోఠీ తబలా: జర నిమ్మళం అన్నా.

చిక్కడపల్లి వీణ: మెట్లు 12 అయితే ఏం, తీగ లాగుతాను. నా ధైవతం ఒకచోట నిలబడదు, ఊగుతుంది. దాన్ని మీరు నంబరుకి కట్టేస్తున్నారు. నా కోపం దాని మీద.

మల్కాజిగిరి కీబోర్డు: 40 అన్నది మీరే కదా సార్! మీకు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పినవాళ్లున్నారు. నాకెవరూ దొరకలేదు. నంబరు కూడా పట్టుకోవద్దంటే ఎక్కడ మొదలెట్టాలి?

సిటీబస్సు శ్రోత: ఇంతకీ ఆ ఆడియో ఓపెన్ కావట్లేదు. ఎవరైనా విన్నారా?

చిక్కడపల్లి వీణ: నేను వినలేదు. లెక్క చూసే చెప్పాను.