మొజాయిక్ ఫ్లూ నానోపార్టికల్: నాలుగు హెచ్‌ఏలూ ఒకే రేణువు మీద ఉన్నాయని తేల్చేదెలా?

ప్రోటీన్‌పురుగు:
ఫ్లూ టీకా కోసం ఐ53_డీఎన్5 రేణువు (రెండు రకాల ప్రోటీన్ ముక్కలు కలిసి కట్టుకునే నానో గోళం) మీద హెచ్1, హెచ్3, బీ/విక్టోరియా, బీ/యమగటా హెచ్‌ఏలను (ఫ్లూ వైరస్ పైన ముళ్లలా ఉండే హీమగ్లుటినిన్ ప్రోటీన్లు) మొజాయిక్‌గా కలిపి పెట్టాలి. హెచ్‌ఏ అతికించిన ట్రైమర్ (మూడు సబ్‌యూనిట్ల ముక్క) 293 మానవ కణాల్లో, పెంటామర్ (ఐదు సబ్‌యూనిట్ల ముక్క) ఈ. కోలై బాక్టీరియాలో తయారవుతున్నాయి. రెండూ కలిపి, సైజును బట్టి విడదీసే సూపరోజ్ 6 కాలమ్‌లో వేస్తే వాయిడ్‌ను (కాలమ్ విడదీయలేనంత పెద్దవి ముందుగా దిగే చోటు) ఆనుకుని పెద్ద పీక్ వస్తోంది. ఇది గడ్డకట్టిన సరుకా, అసలు రేణువేనా? రేణువే అనుకున్నా, నాలుగూ ఒకదాని మీదే ఉన్నాయా, లేక నాలుగు రకాల రేణువులు కలగాపులగంగా ఉన్నాయా? ఫెరిటిన్‌కు (ఇంకో రకం ప్రోటీన్ గోళం) మారిపోతే పని తేలికవుతుందా?

కాలమ్‌కాపలా:
పీక్ చూసి కంగారు పడకండి. 20 హెచ్‌ఏ ట్రైమర్లు, 12 పెంటామర్లు కలిస్తే బరువు 5 మెగాడాల్టన్లు దాటుతుంది. సూపరోజ్ 6 బాగా విడదీసే హద్దు కూడా దాదాపు అంతే, కాబట్టి మంచి రేణువు కూడా వాయిడ్ దగ్గరే దిగుతుంది. మిగిలిపోయిన ట్రైమర్‌నూ పెంటామర్‌నూ వదిలించుకోవడానికి ఆ కాలమ్ చాలు. గడ్డ సంగతి తేలాలంటే ఇంకా పెద్దవాటిని విడదీసే సెఫాక్రిల్ ఎస్-500 కాలమ్ వాడండి, లేదా డీఎల్‌ఎస్ (కాంతితో రేణువు సైజు కొలిచే పద్ధతి), నెగటివ్ స్టెయిన్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రం) చూడండి. డీఎల్‌ఎస్‌లో 50 నానోమీటర్ల చుట్టుపక్కల ఒకే సన్నని పీక్ ఉంటే సరే. వందల్లోకి తోక సాగుతోందంటే గడ్డే.

గడ్డ కడితే ముందు అనుమానించాల్సింది సియాలిక్ ఆసిడ్‌ని. 293 కణాల్లో దాన్ని కత్తిరించే వైరస్ న్యూరామినిడేజ్ ఎంజైమ్ ఉండదు కాబట్టి ఒక హెచ్‌ఏ పక్క హెచ్‌ఏ గ్లైకాన్ల (చక్కెర గొలుసుల) మీది సియాలిక్ ఆసిడ్‌ను పట్టుకుంటుంది. విడి ట్రైమర్‌గా ఉన్నప్పుడు ఈ పట్టు బలహీనం, బయటపడదు. ఒక్కో రేణువు మీద ఇరవై చేరాక అదే జిగురవుతుంది. హెచ్1, హెచ్3ల్లో వై98ఎఫ్ మార్పు (98వ చోట టైరోసిన్ బదులు ఫినైల్‌అలనిన్) పెట్టండి. బీ రకాల్లో ఆ చోట ముందునుంచీ ఫినైల్‌అలనిన్ ఉంది, అక్కడ ఈ చిట్కా పనిచేయదు.

కలిపే వరస చాలా ముఖ్యం. నాలుగు ట్రైమర్లను సమాన మోల్స్‌లో ముందే ఒక గొట్టంలో బాగా కలపండి, ఆ తర్వాతే పెంటామర్‌ను ఒక్కసారిగా పోయండి. ఒక రకం ట్రైమర్‌కు ముందే పెంటామర్ తగిలిందా, నిమిషాల్లో ఆ ఒక్క రకం రేణువులే కట్టేసుకుంటాయి. లెక్క మిల్లీగ్రాముల్లో వద్దు, సబ్‌యూనిట్ మోల్స్‌లో 1:1 పెట్టండి. హెచ్‌ఏ అతికించిన సబ్‌యూనిట్ పెంటామర్ సబ్‌యూనిట్ కంటే ఎన్నో రెట్లు బరువు. తూకం సమానంగా వేస్తే పెంటామర్ కుప్పలుగా మిగిలిపోతుంది.

ఎండోటాక్సిన్‌ను (ఈ. కోలై నుంచి వచ్చే విషపదార్థం) కూడా పెంటామర్ దశలోనే, నికెల్ కాలమ్ మీద ఉండగానే చాప్స్ డిటర్జెంట్‌తో కడిగేయండి. రేణువు కట్టాక దాన్ని వదిలించడం నరకం.

ప్రోటీన్‌పురుగు:
వరస తప్పే చేస్తున్నానండి, హెచ్1ని విడిగా కట్టి మిగతావి తర్వాత పోస్తున్నాను. మార్చేస్తాను. మరి ఒకే రేణువు మీద ఉన్నాయనడానికి రుజువు?

సీరంసంగతి:
ముందు లెక్క చూడండి. 20 చోట్లలో నాలుగు రకాలూ యాదృచ్ఛికంగా కూర్చుంటే ఒక రేణువులో ఫలానా రకం అసలు లేకపోయే అవకాశం (3/4)^20, అంటే వెయ్యికి మూడు. ఫెరిటిన్ మీద ఎనిమిదే చోట్లు కాబట్టి అదే పదిశాతం అవుతుంది. పైగా ఫెరిటిన్‌లో హెచ్‌ఏ సబ్‌యూనిట్లు కణంలోనే కలుస్తాయి; నాలుగింటినీ ఒకే కణంలో తయారుచేస్తే ఒకే ముల్లులో రెండు రకాలు కలిసిన సంకర ట్రైమర్లు వస్తాయి. 2019లో ఫెరిటిన్ మీద మొజాయిక్ చేసినవాళ్లు పూర్తి హెచ్‌ఏ కాకుండా తల భాగం మాత్రమే పెట్టారు. మీరు ఐ53 మీదే ఉండండి.

రుజువుకు బీఎల్‌ఐ (సెన్సర్ మీద ప్రోటీన్లు అంటుకోవడాన్ని కొలిచే పద్ధతి) సాండ్‌విచ్ చేయండి. హెచ్1 తలను మాత్రమే గుర్తించే యాంటీబాడీతో రేణువును పట్టి, కడిగి, హెచ్3 యాంటీబాడీ, ఆపై బీ యాంటీబాడీలు వరసగా ఇవ్వండి. సీఆర్9114, ఎఫ్‌ఐ6 లాంటి యాంటీబాడీలు పనికిరావు, అవి ఒకటి కంటే ఎక్కువ రకాలను పట్టేస్తాయి. కంట్రోల్‌గా నాలుగు రకాల రేణువులను విడివిడిగా కట్టి కలిపిన కాక్‌టెయిల్ ఉండాల్సిందే. అందులో హెచ్3 సిగ్నల్ రాకూడదు. వచ్చిందంటే తరచూ తప్పు సెన్సర్‌దే: దాని మీద ఖాళీగా మిగిలిన యాంటీ-ఎఫ్‌సీ (యాంటీబాడీ తోకను పట్టే పూత) రెండో ఐజీజీని (అంటే రెండో యాంటీబాడీని) నేరుగా పట్టేస్తుంది. సంబంధం లేని ఐజీజీతో ఆ చోట్లు నింపండి, లేదా రెండోదిగా ఫ్యాబ్ (తోక లేని యాంటీబాడీ ముక్క) వాడండి.

కాలమ్‌కాపలా:
ఆ కాక్‌టెయిల్‌ను ఎలుకల ప్రయోగంలోనూ ఒక గుంపుగా పెట్టండి. 2021లో ఇదే ఐ53_డీఎన్5 మీద చేసిన పనిలో మొజాయిక్, కాక్‌టెయిల్ దాదాపు సమంగా నిలిచాయి. విస్తృతి (అనేక రకాల ఫ్లూను ఎదుర్కొనే శక్తి) కలబోతదా, గట్టిగా వరసకట్టిన అమరికదా అని ఆ గుంపు లేకుండా చెప్పలేం. ఎలీసా (యాంటీబాడీలను కొలిచే పరీక్ష) పలకకు అదే స్కాఫోల్డ్ (రేణువు చట్రం), అదే హిస్ ట్యాగ్ ఉన్న ప్రోటీన్ పూయకండి, స్కాఫోల్డ్ యాంటీబాడీలే టైటర్‌ను (యాంటీబాడీల స్థాయిని) పెంచి చూపిస్తాయి. హెచ్‌ఏ కాండం (తల కింది భాగం) యాంటీబాడీలు హెచ్‌ఏఐలో (వైరస్ ఎర్ర రక్తకణాలను గుంపు కట్టించకుండా ఆపుతాయా అని చూసే పరీక్ష) కనపడవు, న్యూట్రలైజేషన్ (వైరస్ సోకకుండా ఆపుతాయా అనే పరీక్ష) వేరుగా చేయాలి. ఇంకోటి: బీ/యమగటా 2020 మార్చి తర్వాత ఎక్కడా తేలలేదు, 2023 సెప్టెంబరు నుంచి టీకాల్లో అది వద్దని డబ్ల్యూహెచ్‌ఓ కూడా అంటోంది. కొత్తగా మొదలుపెడుతూ ఆ చోటు దానికెందుకు? ఇంకో హెచ్3కి ఇవ్వండి.